కట్ట లేని కట్టమైసమ్మ

"సాయంకాలం ఇంటినుంచి తీరిగ్గా నడిచి వెళ్ళి, నీటి ఒడ్డున కాసేపు కూర్చుని వచ్చాను."

ఈ వాక్యంలో వ్యాకరణదోషమేమీ లేదు. క్త్వార్థకాలు ఉండవలసినచోటనే ఉన్నాయి, అన్వయం కుదిరింది. అయినా లాలాపేటలో కాపురమున్నవాడు ఈ వాక్యం రాస్తే అది సాధువే గాని సత్యం కాదు. తార్కికులు ఉదాహరణలుగా చెప్పే గగనకుసుమం, కుందేటి కొమ్ము సరసన దీన్నీ నిస్సంకోచంగా చేర్చవచ్చు.

ఇంత కటువుగా మొదలుపెట్టడానికి కారణం నా మిత్రుడొకరు. మేమిద్దరం ఒకే బడిలో చాలాకాలం పనిచేశాం. ఆయన లెక్కలు చెప్పేవారు, నేను తెలుగు. ఆ మధ్య మా ఇంటికి వచ్చి కాఫీ తాగుతూ, "మీకేమండీ మాస్టారూ, యూనివర్సిటీ పక్కనే ఉన్నారు. చెట్టూ చేమా, గాలీ వెలుతురూ. నీళ్ళు చూడాలనిపిస్తే హుస్సేన్ సాగరం కారులో అరగంట" అన్నారు. నడకకు వెళ్ళడానికి కారెందుకండీ అన్నాను. ఆయన నవ్వారు. "కాలం మారింది. ఊరు పెరిగితే చెరువులు పోతాయి, అది సహజం. మిగిలినవాటినైనా అందంగా తీర్చిదిద్దుతున్నారు కదా, సంతోషించండి" అన్నారు.

ఆయన మాటలో రెండు ప్రతిజ్ఞలున్నాయి. చెరువులు పోవడం సహజమన్నది ఒకటి. మిగిలినవాటిని తీర్చిదిద్దుతున్నారన్నది రెండవది. ఈ రెండూ తప్పని నా వాదం. ఆనాడు ఇంటికి వచ్చిన అతిథితో తగువెందుకని ఊరుకున్నాను. ఊరుకున్నది లోపల ఊరుకోలేదు.

ముందుగా నా వీధికి రావలసిన మంచిమాట ఇచ్చేస్తాను. నడకకు మాకు లోటు లేదు. లాలాపేటనుంచి విజయ డెయిరీ దాటి తార్నాక చేరితే, అవతల ఉస్మానియా ప్రాంగణం. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ రాతిమేడ ముందు సంజవెలుగులో ఒక పావుగంట నిలబడితే మనసు కుదుటపడుతుంది. ఆ బండల మధ్య నెమళ్ళు కూడా కనిపిస్తాయి. తార్నాక అన్న పేరుకు 'తార్' అంటే తీగ, 'నాకా' అంటే కాపలా చౌకి అని అర్థం చెబుతారు. నిజాం కాలంలో అక్కడొక తోటకు తీగకంచె వేసి చౌకి పెట్టారట. ఊరి పేరులోనే కంచె ఉన్నదన్నమాట! ఆ కంచె ఇప్పుడు తోటను విడిచి నీటి చుట్టూ చేరింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

నడక ఉంది, నీరు లేదు. లేకపోవడమంటే ఎప్పుడూ లేకపోవడం కాదు. మా చుట్టుపక్కల పేర్లు చూడండి. యూనివర్సిటీకి అటువైపు నల్లకుంట. దానికి దిగువన అంబర్‌పేటలో బతుకమ్మకుంట. ఇంకొంచెం దూరం పోతే మాసాబ్ ట్యాంకు. బస్సు కండక్టరు రోజుకు వందసార్లు "నల్లకుంట, నల్లకుంట" అని కేక వేస్తాడు. ఎక్కేవాడికీ దిగేవాడికీ కుంట గుర్తురాదు. నా మట్టుకు అంతకంటె బాధాకరమైన సాక్ష్యం కట్టమైసమ్మ. ఆవిడ చెరువుకట్ట మీది దేవత. కట్ట తెగకుండా, ఊరు మునగకుండా చూడమని వానాకాలంలో ఆమెకు బోనం ఎత్తడం తెలంగాణ పల్లెల ఆచారం. ఈ నగరంలో ఇళ్ళ నడుమ, దుకాణాల వెనుక, నాలుగు రోడ్లు కలిసేచోట కట్టమైసమ్మ గుళ్ళు కనిపిస్తాయి. అమ్మవారు ఉంది, పసుపూ కుంకుమా ఉన్నాయి, ఆషాఢంలో బోనాలూ వస్తాయి. కట్ట ఏదీ? పూర్వం అక్కడ నీరుండేదనడానికి వేరే శాసనం అక్కరలేదు.

ఇక 'సహజం' అన్న మాట. విత్తనం మొలవడం సహజం, పండుటాకు రాలడం సహజం. చెరువు సహజంగా పుట్టలేదు, సహజంగా చావలేదు. మన చెరువులన్నీ మనుషులు తవ్వి, కట్ట పోసి చేసినవి. మన పెద్దలు సప్తసంతానాలని లెక్కపెట్టారు: కన్నకొడుకు, నిధి, దేవాలయం, వనం, అగ్రహారం, కృతి, తటాకం. చెరువు తవ్వించడం బిడ్డను కనడంతో సమానమని దీని తాత్పర్యం. బిడ్డ పోతే సహజమని ఏ తండ్రీ అనడు. ఎట్లా పోయిందని అడుగుతాడు.

కడప సీమలో పోరుమామిళ్ళ చెరువు శాసనం ఉంది. 1369 నాటిది, విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించినది. సంస్కృత శాసనాల్లో నాకు అతి ప్రియమైనది. అందులో రాజుగారి పొగడ్త ఉంది గాని, దాన్ని మించిన విషయం వేరే ఉంది. చెరువుకు 12 అంగాలు ఉండాలని, 6 దోషాలు ఉండరాదని ఒక్కొక్కటే చెబుతుంది. ధర్మం తెలిసిన రాజు, నీటిశాస్త్రం ఎరిగిన పండితుడు, గట్టి నేల, తియ్యని నీటి ఏరు, రెండు కొండల నడుమ మరీ పొడవు కాని రాతికట్ట, లోతైన విశాలమైన గర్భం, దగ్గరలో రాతిగని, దిగువన చదునైన పండేనేల, పని తెలిసిన మనుషులు ఇందులో కొన్ని. రోజుకు 1000 మంది కూలీలు, 100 బండ్లు, 2 ఏళ్ళపాటు పనిచేశారని లెక్క కూడా ఉంది. లెక్కల మాస్టారికి ఈ భాగం చదివి వినిపించాలనుకుంటున్నాను.

దోషాల్లో ఒకటి చూడండి: చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండరాదు. ఎందుకో వేరుగా చెప్పనక్కరలేదు. ఇద్దరి సొత్తు ఎవరిదీ కాదు. కట్టకు గండి పడితే ఎవరు పూడ్చాలన్న తగవు తెగేలోపల చెరువు ఖాళీ అవుతుంది. ఆరున్నర శతాబ్దాల కిందట తెలిసిన ఈ సంగతి ఈనాడు మనకు తెలియదు. మన చెరువు ఇప్పుడు రెండు రాజ్యాల సరిహద్దున కాదు, అయిదారింటి సరిహద్దున ఉంది. నేల ఒక శాఖది, కట్ట ఇంకొకరిది, వచ్చే కాలువ మూడవవారిది, అందులో కలిసే మురుగు నాలుగవవారిది, చుట్టూ వేసిన పూలమొక్కలు అయిదవవారివి. నీరు మాత్రం ఎవరిదీ కాదు. చెరువు గర్భం నడుమ ఎత్తైన నేల ఉండరాదన్నది ఇంకొక దోషం. హుస్సేన్ సాగరం నడుమ జిబ్రాల్టర్ బండ అనే రాయి ఉంది కదా, దానిమీదనే 1992లో బుద్ధుణ్ణి నిలబెట్టాం. దోషాన్ని పీఠం చేసుకోవడం కూడా ఒక తెలివే! ఇది ప్రసక్తానుప్రసక్తం, క్షమించండి.

మిత్రుని రెండవ మాట ఇంతకన్న ప్రమాదకరమైనది. 'తీర్చిదిద్దుతున్నారు' అంటే ఏమి చేస్తున్నారు? నగరంలో ఏ చెరువు అభివృద్ధి చూసినా ఒకే మూస. చుట్టూ కట్ట, కట్ట మీద రంగుటిటుకల నడకదారి, దానికి ఇనుపకంచె, రంగుదీపాలు, నిలబడి ఫోటో దిగడానికి పెద్ద పెద్ద అక్షరాలు. పత్రికలో ఫోటో పడితే మనం మురిసిపోతాం. చెరువు ఎరిగిన పల్లెటూరి రైతును పిలిచి చూపించండి, అతడు మొదట అడిగే ప్రశ్న ఇది: "నాలుగు దిక్కులా కట్ట పోస్తే నీళ్ళెట్ల వస్తయ్?"

చెరువుకు కట్ట ఒక్కవైపే ఉంటుంది. పల్లంవైపు. మిగిలిన మూడువైపులా ఉండేది మెల్లగా వాలివచ్చే నేల. వానాకాలంలో నీరు ఆ నేలమీదికి ఎక్కుతుంది, ఎండాకాలంలో వెనక్కి తగ్గుతుంది. నీరు ఎక్కి దిగే ఆ నేలనే శిఖం అన్నారు. నీరు తగ్గినప్పుడు పశువులు మేస్తాయి, పుచ్చపాదులు పెడతారు. నీరు పెరిగినప్పుడు ఎవరూ అభ్యంతరం చెప్పరు. అంటే చెరువు ఒడ్డు ఒకచోట నిలిచేది కాదు, కాలాన్నిబట్టి కదిలేది. కదిలే ఒడ్డును చూసి నగరం ఓర్చుకోలేదు. గీత గీసి, రాయి పాతి, కంచె వేసి, 'ఇంతవరకే నీరు' అంటుంది. అట్లా గీసిన గీత చెరువును కాపాడటానికి కాదు, గీత అవతలి నేలను నీటినుంచి విడిపించడానికి. నాలుగువైపులా గోడ ఉన్న నీటిని చెరువనరు, తొట్టి అంటారు.

నియమాలు లేవా? ఉన్నాయి. నిండుమట్టం దాటిన తరువాత 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు చుట్టూ 30 మీటర్లు, అంతకన్న చిన్న కుంటకు 9 మీటర్లు ఖాళీ వదలాలని మన భవన నిర్మాణ నియమాలు చెబుతాయి. 9 మీటర్లంటే మా వీధిలో వరుసగా రెండు కార్లు నిలిపినంత దూరం. ఆ కాస్త కూడా వదిలినవారి ఇల్లు ఎవరైనా చూపిస్తే వెళ్ళి దండం పెట్టి వస్తాను.

కంచె లేకపోతే ఆ మిగిలిన నీటినీ ఆక్రమిస్తారు కదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. కంచె వేయడంమీద నా ఆక్షేపణ లేదు. ఎక్కడ వేస్తున్నారన్నదే నా ప్రశ్న. శిఖానికి అవతల వేస్తే రక్ష. శిఖం నడుమ వేస్తే పంపకం.

ఇక హుస్సేన్ సాగరం. 1562 ప్రాంతాన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో హుస్సేన్ షా వలీ కట్టించినది. అదీ కట్టే, 'ట్యాంక్‌బండ్' అన్న మాటకు అర్థం చెరువుకట్టే గదా. 1986లో ఆ కట్టమీద నన్నయ, తిక్కన, పోతన, వేమన, మొల్ల, జాషువా మొదలైనవారి విగ్రహాలు నిలిపారు. ఆ తరువాతి ఏడే నేను ఎనిమిదవ తరగతి పిల్లలను బస్సులో తీసుకువెళ్ళి, ఒక్కొక్క విగ్రహం ముందు ఒక్కొక్క పాఠం చెప్పాను. ఆనాటికే నీటి వాసన బాగుండేది కాదు. ఒక పిల్లవాడు ముక్కు మూసుకుని, "సార్, వీళ్ళందరూ నీళ్ళవైపు వీపు పెట్టి ఎందుకు నిలబడ్డారు?" అని అడిగాడు. నాకు సమాధానం తోచలేదు. కూకట్‌పల్లి నాలా మోసుకువచ్చే మురుగు సంగతి వాడికెట్లా చెప్పను?

ఇప్పుడు అక్కడ నడవాలంటే ముందు రోడ్డు దాటాలి. దాటడానికి ప్రాణాలు అరచేత పట్టుకోవాలి. లుంబిని పార్కుకు టిక్కెట్టు, జలవిహార్‌కు టిక్కెట్టు. 2021 ఆగస్టులో ఆదివారం సాయంత్రాలు కట్టమీద వాహనాలు ఆపి, నడిచేవారికి వదిలే ఏర్పాటు మొదలుపెట్టారు. జనం పిల్లాపాపలతో వేలల్లో వచ్చారు. వారిలో నేనూ ఒకణ్ణి. ఎంత సంతోషపడ్డానో అంత సిగ్గుపడ్డాను. చెరువుకట్టమీద కాలినడకన పోవడం వారానికొకరోజు ఇచ్చే బహుమతి అయిపోయిందా అని.

మా ఊరు జనగామ వైపు. అక్కడ చెరువుకట్టమీద సాయంకాలం నడవడానికి ఎవరూ 'వాకింగ్' అని పేరు పెట్టలేదు. మా తాత కట్టమీద నడిచేవాడు. ఎందుకు? ఎలుకబొరియ పడిందేమో, ఎక్కడైనా చెమ్మ ఊరుతోందేమో చూడటానికి. కుడివైపు నీరు, ఎడమవైపు వరిమడి. తూము దగ్గర నీరడితో రెండు మాటలు, మత్తడి దగ్గర ఒక చుట్ట. పొద్దు గూకేసరికి ఇల్లు. ప్రశాంతి అన్నది ఆ పనిలో నుంచి దానంతటది వచ్చేది. ఆయకట్టు పోయింది గనుక కట్టతో మనకు పని పోయింది. పని లేనిచోటికి ప్రశాంతికోసం వెళ్ళి, దొరకలేదని వగచడం మన వంతయింది.

మాటలూ పోయాయి. ముప్ఫైఅయిదేళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి, నాకు ఇది చిన్నవిషయం కాదు. శిఖం, మత్తడి, అలుగు, తూము, నీరడి: ఈ మాటలు ఎరిగిన ఊళ్ళో శిఖంలో ఇల్లు కట్టడానికి ఒకడు రాయి పాతితే, దారినపోయే ముసలమ్మ కూడా "శిఖంలో ఇల్లేందిరా?" అని నిలదీసేది. ఇప్పుడు ఆ నేలకు మూడు ఇంగ్లీషు అక్షరాల పేరు పెట్టాం, ఎఫ్‌టీఎల్ అని. ఆ అక్షరాల అర్థం ఏ ముసలమ్మకూ తెలియదు. వకీలుకు తెలుసు, రియల్టరుకు తెలుసు. నిలదీసే హక్కు కూడా మాటతోపాటు చేతులు మారింది.

ఇంతవరకు ఇతరులను అన్నాను. ఇప్పుడు నా వంతు.

1996లో లాలాపేటలో 150 గజాల స్థలం కొన్నాను. కాగితాలు సక్రమంగా ఉన్నాయి, అనుమతి వచ్చింది. రిజిస్ట్రేషను అయిన రోజున, పూర్వం ఆ చుట్టుపక్కల సాగుచేసిన ఒక వృద్ధుడు నన్ను పక్కకు పిలిచి, "పంతులూ, ఈడ కుంట ఉండె. వానకాలం జర చూసుకో" అన్నాడు. నేను చేసిన పనేమిటి? మొరం తోలించాను. వీధికన్న రెండడుగులు ఎత్తు లేపి పునాది వేశాను. నేలను ఎత్తుచేస్తే నీరు పక్కవాడి ఇంట్లోకి పోతుందని తెలియని వయసు కాదు నాది. తెలిసే చేశాను. ఆ తరువాత పక్కవారు నాకన్న ఎత్తు లేపారు.

2020 అక్టోబరు 13. ఆనాటి వాన నగరవాసులెవరూ మరవరు. ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 30 సెంటీమీటర్లకు పైన కురిసింది. హబ్సిగూడ, రామంతపూర్ కాలనీల్లో చెరువులు వీధుల్లోకి వచ్చాయి. మా వీధిలో రాత్రి తొమ్మిదింటికి నీరు గేటు దాటింది, పదిన్నరకు గడప దాటింది. కింది అరలోని నా శబ్దరత్నాకరం నాని, ఉబ్బి, అట్ట ఊడిపోయింది. మా ఆవిడ మంచంమీద కూర్చుని, "ఆ ముసలాయన చెప్పాడు గదండీ" అంది. నీటి ఒడ్డుకు నేను నడిచి వెళ్ళలేదు గనుక నీరే నడిచి నా ఇంటికి వచ్చింది.

అందువల్ల, చెరువుల్లో ఇళ్ళు కట్టినవారిని కూలదోయాలని గొంతు చించుకునేవారితో నేను కలవలేను. అట్లాగని 'సహజం' అనేవారితోనూ కలవలేను. అనుమతి ఇచ్చినవాడు, అమ్మినవాడు, మొరం తోలించిన నావంటివాడు, ముగ్గురం కలిసి చేసిన పని ఇది. దీనికి ప్రకృతిని సాక్ష్యానికి పిలవడం అన్యాయం.

నా వాదానికి కాస్త బలమిచ్చే సంగతి ఒకటి జరిగింది. 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా సంస్థ, చెత్తా తుప్పలూ నిండిన అంబర్‌పేట బతుకమ్మకుంటను 2025 ఫిబ్రవరిలో తవ్వడం మొదలుపెట్టింది. తవ్వగానే నీరు ఊరింది. పైపు పగిలిందని కొందరు నవ్వారు. పైపు కాదు, నేల. ఆ నేల తన పని మరిచిపోలేదు. 2025 సెప్టెంబరు చివరలో, బతుకమ్మ పండుగ రోజుల్లో, అక్కడ ఆడవారు మళ్ళీ బతుకమ్మలు ఆడారు. చెరువులు సహజంగా పోతాయన్న మిత్రునికి నా జవాబు ఇది: తవ్వితే వస్తాయి కూడా. అయితే పాత రికార్డుల్లో 14 ఎకరాలకు పైనున్న కుంటలో మిగిలి, తిరిగివచ్చినది 5 ఎకరాల పైచిలుకు. తక్కినదానిలో నావంటివారి ఇళ్ళున్నాయి.

ఈ మధ్య ఒక సాయంకాలం అక్కడికి వెళ్ళాను. ప్రాంగణం మీదుగా ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచి, మోకాలు మొరాయిస్తే మిగిలిన దూరం ఆటో ఎక్కాను. నీరు ఉంది. నిజంగా ఉంది. ఒక కొంగ కూడా ఉంది. చుట్టూ నడకదారి, నడిచే జనం. పిల్లలు కంచె సందుల్లోంచి చేతులు చాపుతున్నారు. నీరు అందదు. నాకు మనసు నిండింది, నిండక ఆగింది కూడా. చెవుల్లో తీగలు పెట్టుకుని వడివడిగా నడుస్తున్న ఒక యువకుణ్ణి ఆపి, "బాబూ, దీని మత్తడి ఎటువైపు?" అని అడిగాను. అతడు తీగ తీసి, ఎంతో మర్యాదగా, "మెట్రోనా అంకుల్? అది చాలా దూరం, ఆటో మాట్లాడనా?" అన్నాడు.

వద్దు నాయనా అని, చీకటి పడేదాకా కూర్చుని ఇల్లు చేరాను. మా ఆవిడ తలుపు తీస్తూనే, "నీళ్ళున్నాయా?" అని అడిగింది. ఉన్నాయన్నాను. చెప్పులు విప్పుతుండగా, "మరి మనం పూడ్చిందో?" అంది.

మొరం ఎన్ని ట్రాక్టర్లు తోలించామో నేను మరిచిపోయాను. ఆవిడకు గుర్తుంది. 22.